ఫుట్‌నోటులో మా నాయన

పాసయ్యాను! ఫస్టు క్లాసు! ఒక్క ఫుట్‌నోటు కూడా తీసెయ్యకుండా పాసయ్యాను!

నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదు. పొద్దున పదిన్నరకి కాలేజీ గోడ మీద కాగితం అంటించారు. నా నంబరు నేను మూడుసార్లు చదివి, పక్కనున్న అమ్మాయి చేత ఒకసారి చదివించి, బస్సు కోసం కూడా ఆగకుండా మద్రాసు చూలైలో మా ఇంటి దాకా నడిచే వచ్చేశాను. దారిలో చెప్పు తెగింది. తెగితే తెగనీ. మా నాయన వైపు గాని, మా అమ్మ వైపు గాని, చదువు కోసం కాలేజీ గేటు దాటిన మనిషి ఇంతవరకు లేడు. నేను దాటాను. ఆనర్సు పట్టాతో బయటికి వస్తున్నాను. నా వెనకాలే మా నాయన కూడా వస్తున్నాడు, తొమ్మిది ఫుట్‌నోట్లలో.

ఆ తొమ్మిదింటి గురించే ఇదంతా. మెయిన్ రోడ్డు మందుల షాపులో, ఫోను పక్కన స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. నెల్లూరులో అత్తకు ట్రంకు కాల్ బుక్ చేశాను. లైను దొరకడానికి ఎంతసేపైనా పట్టొచ్చు అని షాపాయన ముందే చెప్పాడు. పట్టనీ. చెప్పాల్సింది నా దగ్గర చాలా ఉంది.

మా నాయనది నాటకాల నగల పని. మా ఇంటి వసారాయే కార్ఖానా. వీధినాటకం మేళాల వాళ్ళకి కిరీటాలు, రొమ్ము పలకలు, రెండు భుజాల మీద రెక్కల్లా లేచి నిలబడే భుజకీర్తులు చేస్తాడు. తేలిక కర్రతో చెక్కి, చింతగింజల బంకతో కాకిబంగారం రేకు అంటించి, నడుమ నడుమ అద్దం బిళ్ళలు పొదుగుతారు. అద్దాల పని అమ్మది. చెంగల్పట్టు వైపు తమిళ మేళాల వాళ్ళూ వస్తారు, చిత్తూరు వైపు తెలుగు మేళాల వాళ్ళూ వస్తారు. మేము ఈ ఊళ్ళో ఎన్ని తరాలుగా ఉన్నామో మాకే తెలీదు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడినప్పుడు తెలిసినాయన ఒకడు సామాను సర్దుకుంటూ "నువ్వూ వచ్చేస్తావా?" అని నాయనను అడిగాడు. నాయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "యాడికి?" అన్నాడు.

కిరీటం కోసం ఎవరొచ్చినా నాయన ముందుగా తల కొలత తీసుకోడు. తల చివర్న. మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఆఖరోడు యాడ కూచుంటాడు?"

మేళం పెద్ద "కళ్ళం అవతల గట్టు దాకా జనం ఉంటారు అన్నా" అంటే అద్దం బిళ్ళ అణా కాసంత. "ఇంటి ముందర పందిట్లో ఆట" అంటే చింతగింజంత. కిరీటం ఎత్తు, కనుబొమ్మ మీద గీత మందం, భుజకీర్తి వెడల్పు అన్నీ ఆ గట్టు మీద కూర్చునే మనిషిని బట్టే. ఆ మనిషిని నాయన ఎప్పుడూ చూడలేదు. కానీ ఆయన పనంతా ఆ మనిషి కోసమే. "ముందర చాప మీద కూచునేటోడికి మొగం కనపడతాది, వాడికి నా పనేం అవసరం?" అంటాడు. నేను ఈ మాటలు వింటూ పెరిగాను గనక లోకంలో అందరూ ఇట్లాగే కొలుస్తారని అనుకునేదాన్ని.

ఆనర్సు ఆఖరి సంవత్సరంలో మాకు లోకంలోని నాటకశాలల చరిత్ర ఒక పాఠం. మా ప్రొఫెసర్ గారిది గోదావరి జిల్లా. చాలా గొప్పగా చెప్పేవారు. ఆయన మీద కోపంతో కూడా నేను ఈ మాట దాచను. గ్రీకులు కొండ వాలును తొలిచి మెట్లు కట్టి, ఊరు ఊరంతా కూర్చునేట్టు చేశారట. పాత సంస్కృత గ్రంథకర్త ఒకాయన, శాల మరీ పెద్దదైతే మాట వినపడదు, ముఖంలో భావం కనపడదు, మధ్యస్థంగా కట్టండి అని వేల ఏళ్ళ కిందటే రాసి పెట్టాడట. ఇంగ్లండులో పైకప్పు లేని ఆవరణలో, మధ్యాహ్నం పూట, జనం నిలబడి చూసేవాళ్ళట. చీనాలో ముఖానికి పూసిన రంగును బట్టి ఆ మనిషి మంచివాడో దగాకోరో పై అంతస్తులో టీ తాగేవాడికి కూడా తెలిసిపోతుందట. జావాలో తోలుబొమ్మల నీడలు. కేరళలో ఒక్క పెద్ద దీపం, దాని వెనక కళ్ళు. చివరికి యూరపులో కరెంటు దీపాలొచ్చాక చూసేవాళ్ళ వైపు దీపాలన్నీ ఆర్పేశారట.

నేను బెంచీ మీద కూర్చుని ప్రతిదానికీ నాయన ప్రశ్నే వేసుకునేదాన్ని. ఆఖరోడు ఎక్కడ? కొండ మీద. మేడ మీద. దీపానికి నాలుగడుగుల్లో. దీపాలార్పేశాక ఎక్కడో చీకట్లో, ఎవరికీ పట్టకుండా. ఒక్క ప్రశ్నతో లోకమంతా విడివిడి గదులుగా కాకుండా ఒకే వీధిలా కనపడింది నాకు. ఆనర్సుకు పెద్ద వ్యాసం రాయాలి కదా, ఇదే రాస్తానన్నాను. ఆఖరి ప్రేక్షకుడి దూరాన్ని బట్టి వేషం ఎట్లా మారింది అని.

"మంచి ప్రశ్నమ్మా! ఎక్కడ చదివావు?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"చదవలేదండీ, విన్నాను."

ఎవరి దగ్గర అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. అది నా తప్పే.

లైబ్రరీలో బొమ్మల పుస్తకాలు ఇంటికివ్వరు. రేకుల మధ్య వేసే పల్చటి కాగితం నాయన దగ్గర బోలెడుంది. అది తీసుకెళ్ళి, పుస్తకం మీద పరిచి, పెన్సిలుతో బొమ్మలు దింపుకుని, అసలు కొలతలు పక్కన రాసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. సాయంత్రం నాయన ముందు పరిచేదాన్ని. ఏ దేశమో చెప్పేదాన్ని కాదు. ఆయన ఉలి పక్కన పెట్టి, కాగితం దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు.

జపాను ముసుగు చూపించినప్పుడు చేత్తో తన ముఖం కొలుచుకున్నాడు.

"ఇది మనిషి మొగం కంటే చిన్నది గదా పాపా."

"అవును నాయనా."

"అట్లయితే చూసేటోళ్ళు దగ్గరోళ్ళు. కొంచెం మందే. కొంచెం తల వంచితే నీడ మారాల, అందుకని ఇట్ట పల్చంగా చెక్కినాడు. దొరల ఇండ్లల్లో ఆడే ఆట ఇది."

నేను అప్పటికే పుస్తకంలో చదివాను. ఆ ఆట పెద్ద ప్రభువుల ఆశ్రయంలో పెరిగింది. ముసుగు ముఖం కంటే చిన్నదే. పుస్తకం పక్కన నాయనను కూడా రాసుకున్నాను. ఫుట్‌నోటు నంబరు వేసి "నా తండ్రి, చూలై" అని.

మరోరోజు గ్రీకు ముసుగు చూపించాను. రాతి మీద చెక్కినది. నోరు బావిలా తెరుచుకుని ఉంది, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"అబ్బా!" అన్నాడు. "వీడెవుడో పెద్ద పనోడు. ఆఖరోడు బో దూరం. ఈ కళ్ళు చూసినావా, ఎంత లోతుకు దించినాడో. కింద దివిటీ పెడితే నీడ లోపలికి పడాలని. రాత్రి ఆట. చమురు దివిటీ. సందేహమే లే."

"సందేహం లేదా?"

"ముప్పై ఏండ్లుగా చేస్తా ఉండా పాపా, నాకు తెలీదా?"

రాసేసుకున్నాను. వ్యాసం మొత్తంలో అది పదిహేడో ఫుట్‌నోటు. గ్రీకు ముసుగు రాత్రి దివిటీ వెలుగు కోసం చెక్కింది అని. గ్రీకులు ఏ వేళ ఆడారో ప్రొఫెసర్ గారు క్లాసులో చెప్పిన రోజు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. కానీ అది సాకు. పుస్తకంలో చూసుకోవచ్చు. చూడలేదు, ఎందుకంటే నాటకం అంటే రాత్రే. నేను పుట్టి బుద్ధెరిగాక పగలు ఆడిన వీధినాటకం చూడలేదు, మా నాయన చూడలేదు, ఆయన నాయనా చూడలేదు. ఇంగ్లండు వాళ్ళ మధ్యాహ్నపు ఆట ఏదో దొరల ముచ్చట అనుకున్నాను. ఇట్లాంటి పొరపాటు మా వసారాలో పుట్టి పెరిగినవాళ్ళే చేస్తారు.

ప్రొఫెసర్ గారు పిలిపించారు. నా వ్యాసం ఆయన బల్ల మీద ఉంది. తొమ్మిది చోట్ల ఎర్ర పెన్సిలు.

"ఏవిటమ్మా ఇది? 'నా తండ్రి, చూలై.' ఇది పుస్తకమా? పత్రికా?"

"మనిషండీ."

"మనిషిని ఏ పేజీ తిప్పి సరిచూసుకోవాలి?"

ఆయన పెన్సిలు మొన పదిహేడో నంబరు మీద ఆనించారు.

"సరే, మిగతా ఎనిమిదింటి సంగతి అలా ఉంచు. ఈ పదిహేడు చూడు. గ్రీకులు పగలు ఆడారమ్మా! తెల్లారి మొదలెట్టి, ఎండలో, ఆరుబయట. ఇంటర్మీడియట్ కుర్రాడికి కూడా తెలుసు. నీ అథారిటీ ఏమో దివిటీలు అంటున్నాడు."

కింద నేల తప్ప ఇంకేమీ చూడలేకపోయాను.

ఆయన గొంతు తగ్గించారు. "చూడు, నువ్వు తెలివిగలదానివి. ప్రశ్న మంచిది. మీ నాన్నగారి మీద గౌరవం ఉంటే ఇంట్లో పాదాలకి దండం పెట్టుకో. వీధి భాగోతాలకి చరిత్ర లేదమ్మా, అలవాటు ఉంది. ఆ తొమ్మిదీ తీసేసి తీసుకురా, సంతకం పెడతాను. ఉంచితే పెట్టను. సంతకం లేకపోతే వ్యాసం పోదు, వ్యాసం పోకపోతే పట్టా లేదు. వచ్చే మంగళవారం ఆఖరు."

ఇంటికొచ్చి చెప్పేశాను. అమ్మ అద్దం బిళ్ళలు అంటిస్తూనే వింది. చిన్నాయన కూడా ఉన్నాడు. చిన్నాయన అంటే నాయన తమ్ముడు. పగలు పెరంబూరు రైల్వే వర్కుషాపులో బాయిలర్ల పని, ఆట ఉన్ననాడు స్త్రీ వేషం. ఆ వేషం కోసం మీసం తీసేసుకుంటాడు గనక వర్కుషాపులో ఆయన్ని అందరూ రాణీ అనే పిలుస్తారు. ఆయన పట్టించుకోడు. "పిలవనీ, మహారాజు అనిపించుకున్నోడు ఒక్కడైనా ఉండాడా ఆడ?" అంటాడు.

నాయనకు సంతకం సంగతి ఎక్కలేదు. ఆయనకు ఎక్కింది వేరే.

"పగలా?" అన్నాడు. "ఎండలోనా? దాన్ని నాటకం అంటారా?"

"అన్నా, ఎండలో నాకు వేషం ఎయ్యి, చెమటకి నా మొగం రంగంతా కారి రాక్షసుడై పోతా" అన్నాడు చిన్నాయన.

"నువ్వుండరా. పాపా, నిజంగా పగలేనా? పుస్తకం రాసినోడు చూసినాడా?"

"అన్ని పుస్తకాల్లో అదే ఉంది నాయనా."

నాయన ఒళ్ళో కర్రపొట్టు దులుపుకున్నాడు. తరవాత, "అట్లయితే తీసెయ్" అన్నాడు. "తప్పు చెప్పినోడి ఊసు నీ కాగితంలో ఎందుకు? నీ పట్టా పోతాది."

అమ్మ తల ఎత్తింది. "తీసెయ్‌మే. నువ్వు ఆ బస్సుల్లో నిలబడి పోయి వచ్చింది నాకు తెలుసు. మీ నాయన కాగితంలో లేకుంటే ఏం, ఇంట్లో ఉండాడు గదా."

"తియ్యను" అన్నాను.

"ఎందుకంట?"

"ఆ ప్రశ్న నాయనది. నేను దాని మీద నూట ఇరవై పేజీలు రాశాను. ఆయన్ని తీసేస్తే అది నాకే తోచినట్టు అయిపోతుంది. దొంగతనం అవుతుంది."

"మీ సార్ దాన్ని దొంగతనం అనడం లే గదా!"

"ఆయన అనడు. నేను అంటాను."

అమ్మకు కోపం వచ్చింది. ఆ పూట నాకు అన్నం వడ్డించింది గాని పక్కన కూర్చోలేదు. అమ్మ కోపం నాకు అర్థమయ్యేదే. నా పట్టా నాకంటే అమ్మకే ఎక్కువ కావాలి. మా వీధిలో ఆడపిల్లను ఇంతదాకా చదివిస్తే ఎవరేమన్నారో, గుక్కెడు నీళ్ళ కోసం కుళాయి దగ్గర నిలబడి విన్నది ఆమె. నేను కాదు. ఆ రోజుల్లో సగం భయంతోనే మొండితనం చేశాను. పట్టా పోతే ఏం చెయ్యాలో నాకు నిజంగా తెలీదు.

కానీ నాయన ఊరుకునే మనిషి కాదు. తనకు తెలిసిన పనిలో తప్పు పట్టుబడితే ఆయనకు నిద్రపట్టదు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు చిన్నాయనను పట్టుకున్నాడు.

"రారా, వీధిలో నిలబడు."

"ఈ ఎండలోనా? అన్నా, నాకు వారానికి ఒక్క దినమే లీవు."

"నిలబడమంటే నిలబడు. నిన్నేం పాడమన్నానా?"

కాళ్ళు కాలుతుంటే చిన్నాయన నడి వీధిలో నిలబడ్డాడు. లుంగీ, బనీను, నెత్తి మీద మూడు అంతస్తుల కిరీటం. నాయన ఆయన ముందు నుంచి వెనక్కి వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతున్నాడు. నేను పుస్తకం, పెన్సిలు పట్టుకుని పక్కన. కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఎదురింటి తమిళాయన సైకిలు దిగి మరీ అడిగాడు. "ఎన్న అన్నే, పట్టపగల్ల పట్టాభిషేకమా?"

"ఆమా, మంత్రి పోస్టు కాలీగా ఇరుక్కు, వర్రియా?" అన్నాడు చిన్నాయన కిరీటం కదలకుండా. మంత్రి ఉద్యోగం ఖాళీగా ఉంది, వస్తావా అని.

వీధంతా నవ్వింది. నాయన నవ్వలేదు. పదిహేను అడుగుల దగ్గరే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అద్దాలు కంట్లో పొడస్తా ఉండాయి పాపా. మొగమే కనపళ్ళేదు. రాసుకో. పగలాటకి అద్దం పనికిరాదు. ఒట్టి రంగే."

ఆ తరవాత, నేను దింపుకొచ్చిన గ్రీకు ముసుగును చూసి ఆయనే చెక్కిన ముసుగు బయటికి తెచ్చాడు. వారం రోజులుగా పని పక్కన పెట్టి అదే చెక్కుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. రెండు కళ్ళలో ఒకటి లోతుగా తొలిచాడు. రెండోది చదునుగా ఉంచి నల్లరంగుతో గీశాడు. చిన్నాయన ముఖానికి కట్టాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. ఇరవై. ముప్పై. వీధి మలుపు దాకా.

"గీసిన కన్ను పోయింది!" అని అక్కణ్ణించి అరిచాడు. "తవ్విన కన్ను ఉండాది! నెత్తిమీద ఎండ గదా, నీడ పైనుంచి పడతా ఉండాది! దివిటీ కాదు పాపా, సూర్యుడు! నేను కింద అనుకున్నా, వెలుగు పైన ఉండాది!"

పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ముఖమంతా చెమట. నాయన అంత సంతోషంగా ఉండడం నేను చాలా తక్కువ సార్లు చూశాను. తప్పు ఒప్పుకోవడంలో ఇంత ఆనందం ఉంటుందని ఏ క్లాసులోనూ చెప్పలేదు నాకు.

"ఇంక విప్పచ్చా? కాళ్ళు కాలతా ఉండాయి అన్నా" అని ముసుగు లోపల నుంచి చిన్నాయన.

సోమవారం కూర్చుని పదిహేడో ఫుట్‌నోటు మళ్ళీ రాశాను. నా తండ్రి ఈ ముసుగు రాత్రి దివిటీ కోసం అన్నాడు, అది తప్పు, గ్రీకులు పగలు ఆడారు. తప్పు తెలిశాక ఆయన చెక్కి, ఎండలో పరీక్షించి, లోతు కన్ను దూరానికి నిలుస్తుందని, గీసిన కన్ను నిలవదని తేల్చాడు. ఇన్ని అడుగుల దగ్గర, ఈ వేళకు, ఈ ఎండలో. తప్పును దాచలేదు. ఒప్పునూ దాచలేదు. మిగతా ఎనిమిదీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

మంగళవారం ప్రొఫెసర్ గారు నిలబడే చదివారు. కూర్చుని మళ్ళీ చదివారు.

"తీసెయ్యమంటే పెంచావు" అన్నారు.

"అవునండీ."

"మొండిదానివి."

"అవునండీ."

ఆయన కలం మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. చివరికి సంతకం పెట్టారు. దాని పైన ఒక వాక్యం రాశారు. ఈ ఫుట్‌నోట్లతో తాను ఏకీభవించడం లేదనీ, వీటి పూచీ విద్యార్థినిదేననీ. "ఇది చూసి ఎగ్జామినర్ నిన్ను ఫెయిలు చేస్తే నన్నేమీ అనకు" అన్నారు. అనను అన్నాను. సంతకమైతే దొరికింది గాని, నా గురువే నన్ను వదిలేశారని రాసి పంపించిన కాగితం అది.

మౌఖిక పరీక్షకు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల ఖద్దరు, పెద్ద కళ్ళద్దాలు. ప్రొఫెసర్ గారు పక్కన కూర్చున్నారు. పెద్దాయన తిన్నగా పదిహేడో ఫుట్‌నోటుకే వచ్చారు.

"మీ గురువుగారే వీటిని ఒప్పుకోలేదు. ఇప్పటికైనా ఉపసంహరించుకుంటారా?"

"లేదండీ."

"ఈ సాక్షి ఒకసారి తప్పు చెప్పాడని మీరే రాశారు. మిగతా ఎనిమిది నేనెందుకు నమ్మాలి?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రాత్రిళ్ళు సమాధానం వల్లె వేశాను. అక్కడికి వెళ్ళాక అదంతా మర్చిపోయి నోటికొచ్చింది చెప్పేశాను.

"అయ్యా, నా పుస్తకాల పట్టికలో రెండు పుస్తకాలున్నాయి. గ్రీకు నటులు ఎత్తు మడమల జోళ్ళు వేసేవాళ్ళని ఒకటి, ఆ కాలానికి అట్లాంటివి లేవని ఇంకొకటి. రెంట్లో ఒకటి తప్పే కదండీ. రెండూ ఉన్నాయి. ఆ పుస్తకాన్ని తీసెయ్యమని నన్ను ఎవరూ అడగలేదు. మా నాయన తప్పు చెబితే వారం రోజుల్లో చెక్కి, ఎండలో నిలబెట్టి, దిద్దుకున్నాడు. ఆ పుస్తకం ఇంకా దిద్దుకోలేదండీ."

ప్రొఫెసర్ గారు కిటికీ వైపు చూస్తున్నారు. నా పని అయిపోయింది అనుకున్నాను.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ దాంట్లో ఒక లోపం ఉంది" అన్నారు. "మీ గురువుగారు చెప్పింది వేరు, నేను చెప్పేది వేరు. 'నా తండ్రి' అని రాశారు. తండ్రి కావడం ఒక అర్హత కాదమ్మాయ్. అందరికీ తండ్రులుంటారు. ఆయన ఏం పని చేస్తారు? ఎన్నేళ్ళుగా? ఎవరి కోసం? ఆ ముసుగు కొలతలేవి? అదిప్పుడు ఎక్కడుంది? అవి రాయకపోతే చదివేవాడు ఆయన్ని ఎట్లా నమ్ముతాడు? మీరు ప్రేమతో రాశారు. పని చూపించి రాయాల్సింది."

నిజమే. ప్రొఫెసర్ గారు ఏ పేజీ తిప్పాలి అన్నది కూడా ఇదే కదా అనిపించింది ఒక్క క్షణం. కానీ ఆయన తీసెయ్యమన్నారు, ఈయన పూర్తిగా రాయమంటున్నారు. ఆ తేడా నాకు చాలు.

"రాస్తానండీ" అన్నాను. "తొమ్మిదింటికీ రాస్తాను."

"ఇప్పుడు చెప్పండి, గీసిన కన్ను ఎన్ని అడుగుల దగ్గర పోయింది?"

"నలభై రెండండీ. మా నాయన అడుగులు."

"ఆయన పొడుగా, పొట్టా?"

"పొట్టండీ."

ఆయన అది కూడా రాసుకున్నారు! తరవాత గంటసేపు చీనా రంగుల గురించీ, దీపాలార్పిన యూరపు శాలల గురించీ అడిగారు. నేను చెబుతూనే ఉన్నాను. లేచేటప్పుడు ప్రొఫెసర్ గారు తలుపు దాకా వచ్చారు. "జోళ్ళ సంగతి బాగా చెప్పావు" అన్నారు మెల్లగా. "ఫుట్‌నోట్ల మాట మాత్రం నేనింకా ఒప్పుకోలేదు." ఒప్పుకోనక్కర్లేదండీ అన్నాను. ఆయన నవ్వలేదు గాని, కోపగించుకోనూ లేదు.

ఆ వారమే తొమ్మిది ఫుట్‌నోట్లూ తిరగరాసి ఇచ్చాను. ఇవ్వాళ గోడ మీద నా నంబరు చూశాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చేతిలో బంక ఉంది. ఆ చేతులతోనే నా ముఖం పట్టుకుంది. చెంపల మీద ఇంకా జిగటగానే ఉంది. నాయన మాత్రం పట్టా అన్న మాట సగమే విన్నాడు. "నేను కాగితంలో ఉండానా?" అన్నాడు. ఉన్నావు నాయనా అన్నాను. "తప్పుతో సహానా?" తప్పుతో సహా. "అట్లయితే సరే" అని ఉలి తీసుకున్నాడు. రెండు నిమిషాల తరవాత చూస్తే ఉలి చేతిలో అట్లాగే ఉంది, పని కదలడం లేదు.

నెల్లూరు లైను ఇంకా దొరకలేదు. షాపాయన గడియారం చూస్తున్నాడు. ఇంకా ఫోను చెయ్యాల్సినవాళ్ళు:

నెల్లూరు అత్త, పక్కింటి బియ్యం మండీ ఫోనుకు. ట్రంకు కాల్ తిరిగి వస్తే ముందు ఆమెకే.

చిన్నాయన. పెరంబూరు వర్కుషాపులో టైమ్‌కీపర్ గారి ఫోను. డ్యూటీలో ఉన్నవాళ్ళని పిలవరు గాని, రాణీ గారి కూతురు పాసయిందని చెప్పండి అంటే వాళ్ళే పరుగెత్తి చెబుతారు.

ఎన్నూరు మేనమామ, ఉప్పు ఆఫీసు ఫోనుకు. ఆడపిల్లకి ఇంత చదువెందుకని మూడేళ్ళుగా అమ్మను సాధిస్తున్నాడు. అమ్మ చేతే మాట్లాడిస్తాను.

హాస్టలు అమ్మాయి. నా జ్వరం రోజుల నోట్సు తనవే. గ్రీకులు పగలు ఆడారని చెప్పిన రోజు నోట్సు ఒక్కటే ఇవ్వడం మర్చిపోయింది. తిట్టాలి.

చిత్తూరు మేళం పెద్ద, వాళ్ళ ఊరి పోస్టాఫీసుకు. రెండు ఫుట్‌నోట్లలో ఆయన మేళం కూడా ఉంది, ఆయనకింకా తెలీదు.

ప్రొఫెసర్ గారి ఇల్లు. ఆయనకు ఈపాటికే తెలుసు. అయినా చేస్తాను. ఆయన చెప్పిన పాఠాలు లేకపోతే నా దగ్గర ప్రశ్న ఒక్కటే ఉండేది.

కాలేజీ లైబ్రరీ. పాసయిన వ్యాసం ప్రతి ఒకటి అక్కడ ఉంచుతారు. ఏ బీరువాలో పెడుతున్నారని అడగాలి. నాటకాల బీరువాలో పెట్టాలి, "ఇతరములు" అని రాసి మూల పెట్టిన దాంట్లో కాదు. ఒప్పుకునే దాకా రోజూ చేస్తాను.